పెప్టైడ్ కలిపితే రంగు పోయింది, సరే. యాంటీబాడీ పట్టుకున్నది దేన్ని?

మీరు అడిగింది నాకు అర్థమైన మేరకు ముందు చెప్తాను, తేడా ఉంటే సరిచేయండి. మీరు వరంగల్‌లో పీహెచ్‌డీ చేస్తున్నారు. పెద్దపేగు క్యాన్సర్ కణజాలాన్ని మైనంలో పెట్టిన పారాఫిన్ బ్లాకుల మీద, హిస్టోన్ హెచ్3లో (డీఎన్‌ఏ చుట్టుకునే ప్రోటీన్లలో ఒకటి) 27వ లైసిన్‌కు ఉండే ట్రైమిథైల్ గుర్తు కోసం కుందేలు పాలీక్లోనల్ యాంటీబాడీతో స్టెయినింగ్ చేశారు. ఆ గుర్తును ఇక్కడి నుంచి కె27 ట్రైమిథైల్ అంటాను (కె అంటే లైసిన్, కె9 అంటే 9వ లైసిన్). రివ్యూయర్ బ్లాకింగ్ పెప్టైడ్ కంట్రోల్ అడిగారు, అంటే యాంటీబాడీ పట్టుకోవాల్సిన భాగాన్ని పోలిన చిన్న ప్రోటీన్ ముక్కను ముందే కలిపి చూడటం. మిల్లీలీటరుకు 1 మైక్రోగ్రాము యాంటీబాడీలో, కంపెనీ కాగితంలో చెప్పినట్టు బరువులో అయిదు రెట్లు పెప్టైడ్ కలిపారు. న్యూక్లియస్‌లలో రంగు పూర్తిగా పోయింది. లేబొరేటరీలో పక్కవాళ్ల దగ్గర కె9 ట్రైమిథైల్ పెప్టైడ్ ఉంటే ఊరికే అదీ కలిపి చూశారు, రంగు సగం తగ్గింది. సైటోప్లాజంలో లేత గోధుమ రంగు మాత్రం ఏం కలిపినా పోవట్లేదు. ఇప్పుడు "యాంటీబాడీ స్పెసిఫిక్ అని నిరూపించాం" అని రాయొచ్చా, కె9 స్లైడ్ చూపించకుండా ఉంటే నడుస్తుందా అన్నది మీ ప్రశ్న.

రాయొద్దు. కె9 స్లైడ్ దాచొద్దు కూడా. మీరు చేసిన మూడింటిలో అసలు సమాచారం ఇచ్చింది ఆ స్లైడ్ ఒక్కటే. పూర్తిగా తెల్లబడిన స్లైడ్ చెప్పేది చాలా తక్కువ.

ఎందుకో చెప్తాను. సాయంత్రం పూట హన్మకొండ బస్టాండ్‌లో రెండు చేతుల్లో సంచులు పట్టుకున్న మనిషిని చూడండి. బస్సు కదులుతుంటే కడ్డీ పట్టుకోలేడు కాబట్టి ఎక్కలేడు. దాన్నిబట్టి ఆయన చేతులతోనే బస్సు ఎక్కేవాడని తెలుస్తుంది. కరీంనగర్ బస్సు ఎక్కేవాడా, ములుగు బస్సు ఎక్కేవాడా అన్నది ఆ సంచులు చెప్పవు. బ్లాకింగ్ పెప్టైడ్ చేసేది కూడా ఇదే. యాంటీబాడీకున్న రెండు చేతులనూ అది నింపేస్తుంది. అప్పుడు స్లైడ్ మీద రంగు పోతే, ఆ రంగు యాంటీబాడీ పట్టుచోటు ద్వారానే వచ్చిందని తేలుతుంది. సెకండరీ యాంటీబాడీ (ప్రైమరీని, అంటే మొదటి యాంటీబాడీని, పట్టుకుని రంగు తెచ్చేది) వల్లో, కణజాలానికి ఊరికే అంటుకోవడం వల్లో రాలేదని తేలుతుంది. అది కూడా అవసరమే. కానీ అదే పట్టుచోటు కణజాలంలో కె9 ట్రైమిథైల్‌నో, అసలు హిస్టోనే కాని వేరే ప్రోటీన్‌నో పట్టుకుంటున్నా, కె27 పెప్టైడ్ కలపగానే ఆ తప్పుడు రంగు కూడా పోతుంది. ఒప్పూ తప్పూ కలిసి మాయమవుతాయి. మీరు చూసిన తెల్లటి స్లైడ్ ఈ రెంటిలో ఏదైనా కావచ్చు.

2016లో ఒక అంతర్జాతీయ బృందం యాంటీబాడీలను నిర్ధారించే పద్ధతుల మీద ప్రతిపాదన చేసింది. జీన్‌ను తీసేసి చూడటం, యాంటీబాడీ అవసరం లేని వేరే పద్ధతితో పోల్చడం, రెండో స్వతంత్ర యాంటీబాడీతో పోల్చడం, ట్యాగ్ వేసిన ప్రోటీన్‌తో చూడటం, పట్టుకున్నదాన్ని మాస్ స్పెక్ట్రోమెట్రీలో గుర్తించడం అని అయిదు మార్గాలు చెప్పారు. పెప్టైడ్ బ్లాకింగ్‌కు అందులో చోటు దొరకలేదు. అయినా రివ్యూయర్లు అడుగుతూనే ఉంటారు, మనం చేస్తూనే ఉంటాం.

అయితే హిస్టోన్ల దగ్గరికి వచ్చేసరికి పెప్టైడ్‌ను మరీ తీసిపారేయలేం. మామూలు ప్రోటీన్ అయితే, ప్రోటీన్లను జెల్ మీద సైజు వారీగా విడదీసి యాంటీబాడీతో చూసే వెస్టర్న్ బ్లాట్‌లో ఒక్క బ్యాండ్ వస్తే కొంత ధైర్యం వస్తుంది. హిస్టోన్‌లో ఆ ధైర్యం పనికిరాదు. కె4, కె9, కె27 మూడూ ఒకే హెచ్3 తోక మీద ఉన్నాయి. మీ యాంటీబాడీ మూడింట్లో దేన్ని పట్టుకున్నా జెల్ మీద 17 కిలోడాల్టన్ల దగ్గర అదే బ్యాండ్ కనిపిస్తుంది. కాబట్టి వెస్టర్న్ బ్లాట్ చక్కగా వచ్చిందన్న మాట మీ ప్రశ్నకు జవాబు కాదు. ఏ లైసిన్, ఎన్ని మిథైళ్లు అన్న తేడా విప్పి చెప్పగలిగినవి పెప్టైడ్‌లే. కాకపోతే ఒక్కటి చాలదు, వరసగా కొన్ని కావాలి. మీ యాంటీబాడీని ఏ పెప్టైడ్ ఆపింది అన్నదానికంటే ఏ పెప్టైడ్ ఆపలేకపోయింది అన్నది ఎక్కువ విలువైన మాట.

కె9 ఎందుకు అడ్డం పడుతుందో హిస్టోన్ వరస చూస్తే తెలుస్తుంది. హెచ్3లో 7 నుంచి 10 వరకు అలనిన్, ఆర్జినిన్, లైసిన్, సెరిన్ ఉంటాయి. 25 నుంచి 28 వరకు చూడండి, మళ్లీ అదే అలనిన్, ఆర్జినిన్, లైసిన్, సెరిన్. లైసిన్‌కు రెండు పక్కలా కవల పిల్లల్లా ఒకే పోలిక. ట్రైమిథైల్ తగిలించిన లైసిన్, దాని పక్కన ఈ మూడు అక్షరాలు మాత్రమే గుర్తుపట్టే యాంటీబాడీ అయితే కె9కీ కె27కీ తేడా ఎలా తెలుసుకుంటుంది? ఇంకాస్త దూరం వరకు చదివే యాంటీబాడీకే ఆ తేడా తెలుస్తుంది. 2011లో వచ్చిన ఒక పెద్ద పరీక్షలో 57 రకాల హిస్టోన్ గుర్తులకు తయారైన 200కు పైగా యాంటీబాడీలను చూస్తే, డాట్ బ్లాట్ (మెంబ్రేన్ మీద చుక్కలుగా పెట్టి చూడటం), వెస్టర్న్ బ్లాట్ దగ్గరే నాలుగింట ఒకటికి పైగా తప్పాయి. మీది చెడ్డదని కాదు నేననేది. అనుమానించడం మర్యాద తక్కువ పనేమీ కాదంటున్నాను.

ఇప్పుడు మీ సగం రంగు సంగతి. దానికి రెండు కారణాలుండొచ్చు. ఏదో తెలియాలంటే కాగితం మీద చిన్న లెక్క వేయాలి. "బరువులో అయిదు రెట్లు" అన్న మాట వినడానికి కొంచెమే అనిపిస్తుంది. యాంటీబాడీ అణుభారం దాదాపు 1,50,000. మిల్లీలీటరుకు 1 మైక్రోగ్రాము అంటే 6.7 నానోమోలార్ (అణువుల లెక్కలో సాంద్రత). ఒక్కోదానికి రెండు చేతులు కాబట్టి పట్టుచోట్లు 13.3 నానోమోలార్. మీ పెప్టైడ్ ఇరవై అమైనో ఆమ్లాల లోపుది, అణుభారం సుమారు 2,000 అనుకుందాం. మిల్లీలీటరుకు 5 మైక్రోగ్రాములు అంటే 2,500 నానోమోలార్. ఒక్కో చేతికి దాదాపు 190 పెప్టైడ్‌లు. అయిదు రెట్లు ఎక్కడ, 190 రెట్లు ఎక్కడ!

ఇంత గుంపు ఉంటే బలహీనంగా అతికే పెప్టైడ్ కూడా చేతులు నింపేస్తుంది. ఉదాహరణకు అసలు పెప్టైడ్‌తో బంధం 1 నానోమోలార్ (సగం చేతులు నిండే సాంద్రత, అంకె చిన్నదైతే పట్టు గట్టిది), పోలికున్న పెప్టైడ్‌తో బంధం దానికి వెయ్యి రెట్లు బలహీనంగా 1,000 నానోమోలార్ అనుకోండి. వెయ్యి రెట్ల తేడా అంటే చాలా మంచి యాంటీబాడీ కిందే లెక్క. అయినా 2,500 నానోమోలార్ దగ్గర ఆ తప్పు పెప్టైడ్ 71 శాతం చేతులను ఆపేస్తుంది. పాపం, మంచి యాంటీబాడీకి మీరు చెడ్డపేరు పెడతారు. అదే పెప్టైడ్‌ను వంద రెట్లు తగ్గించి 25 నానోమోలార్ దగ్గర పెడితే, అసలు పెప్టైడ్ ఇంకా 93 శాతం ఆపుతుంది, తప్పు పెప్టైడ్ 2.4 శాతానికి పడిపోతుంది. తేడా కళ్లకు కట్టినట్టు కనిపించేది అక్కడ. ఇంకా పది రెట్లు తగ్గించి 2.5 నానోమోలార్‌కు వెళితే, చేతుల కంటే పెప్టైడ్‌లే తక్కువ. అసలుది కూడా అయిదో వంతు దాటి ఆపలేదు. ఆ స్లైడ్‌కు అర్థం లేదు.

కాబట్టి కె27, కె9 పెప్టైడ్‌లు రెండింటినీ మిల్లీలీటరుకు 5, 0.5, 0.05 మైక్రోగ్రాముల చొప్పున మూడు మోతాదుల్లో మళ్లీ చేయండి. కె9 ప్రభావం మోతాదు తగ్గేకొద్దీ కరిగిపోయి 0.05 దగ్గర రంగు మామూలుగా తిరిగొస్తే, మీరు చూసిన సగం తగ్గుదల పెప్టైడ్ గుంపు వల్ల వచ్చింది. అలా కాకుండా మూడు మోతాదుల్లోనూ సగం దగ్గరే నిలబడిపోతే అది వేరే కథ. మీది పాలీక్లోనల్, అంటే ఒక మనిషి కాదు, ఊరేగింపు. అందులో సగం మంది కె9ను గట్టిగా పట్టుకునేవాళ్లు ఉన్నారన్నమాట. అప్పుడు మీ కణజాలంలో రంగు ఎంత కె27 వల్లో ఎంత కె9 వల్లో ఈ యాంటీబాడీతో తేల్చలేరు. వేరే యాంటీబాడీ, వీలైతే రీకాంబినెంట్ మోనోక్లోనల్ (జీన్ నుంచి తయారుచేసిన ఒకే రకం యాంటీబాడీ), చూసుకోవాల్సిందే. నా దగ్గర వచ్చే కేసుల్లో ఎక్కువ శాతం మొదటి రకమే. పెప్టైడ్ ఎక్కువ పోసి కంగారుపడేవాళ్లే ఎక్కువ.

ఈ లెక్కంతా మీ యాంటీబాడీ శుద్ధి చేసినది అయితేనే. ముడి సీరం అయితే ఆ 1 మైక్రోగ్రాములో పనికొచ్చే భాగం కొద్దిగానే ఉంటుంది, రెట్లు ఇంకా పెరిగిపోతాయి. సీసా మీద చూసుకోండి. ఇంకొకటి, పెప్టైడ్ తెచ్చే ముందు యాంటీబాడీని పలచన చేస్తూ రంగు ఎక్కడ తగ్గడం మొదలవుతుందో చూసుకున్నారా? రంగు పూర్తిగా నిండిపోయే మోతాదులో పనిచేస్తే సగం యాంటీబాడీని ఆపినా స్లైడ్ మీద తేడా కనిపించదు. పాలిమర్ డిటెక్షన్, డీఏబీ (గోధుమ రంగు తెచ్చే రసాయనం) రెండూ రంగును పెంచి చూపిస్తాయి, పైగా డీఏబీ ముదురు దగ్గర ఆగిపోతుంది. రంగు నిండుగా వచ్చే మోతాదుకు రెండు మూడు రెట్లు పలచన చేసిన దగ్గర పెప్టైడ్ పరీక్ష చేయాలి. స్లైడ్ అందంగా ఉండదు. ఫొటోకు వేరే స్లైడ్ తీసుకోండి.

నా తప్పు ఒకటి చెప్తాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక లేబొరేటరీలో, ఎసిటైల్ హిస్టోన్ యాంటీబాడీకి పెప్టైడ్ కలిపి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టాను. పొద్దున స్లైడ్‌లు తెల్లగా వచ్చాయి. మా సార్ దగ్గరికి పరుగెత్తాను, చాయ్ కూడా ఇప్పించాను. వారం తర్వాత మా టెక్నీషియన్ అన్న ఒక మాట అడిగాడు: "పెప్టైడ్ లేకుండా ఉత్త యాంటీబాడీని కూడా అట్లనే రాత్రంతా పెట్టినవా?" పెట్టలేదు. కంట్రోల్ స్లైడ్‌కు అప్పటికప్పుడు కలిపిన తాజా యాంటీబాడీ వేశాను. మళ్లీ చేసి చూస్తే, బీఎస్‌ఏ (యాంటీబాడీ గోడలకు అంటకుండా వేసే ఆవు ప్రోటీన్) వేయని పలచటి యాంటీబాడీ మామూలు ట్యూబు గోడలకు అంటుకుని చాలావరకు పోయింది. పెప్టైడ్ ఉన్నా లేకపోయినా స్లైడ్ తెల్లగానే వచ్చింది. చాయ్ డబ్బులు వెనక్కి రాలేదు. అప్పటి నుంచి పెప్టైడ్ ట్యూబు పక్కన ఉత్త బఫర్ కలిపిన ట్యూబు ఒకటి, అదే సమయం, అదే ఉష్ణోగ్రత, అదే తిప్పుడు. దానితో పోల్చి చెప్పకపోతే నేను ఎవరి పెప్టైడ్ స్లైడ్‌నూ నమ్మను. మీ ప్రశ్నలో ఆ ట్యూబు మాట లేదు.

పద్ధతి వివరాల్లో నేను చేసేది ఇది. టీబీఎస్‌లో 1 శాతం బీఎస్‌ఏ, 0.05 శాతం ట్వీన్ కలిపిన బఫర్, ప్రోటీన్ అంటుకోని ట్యూబులు. యాంటీబాడీ, పెప్టైడ్ కలిపి గది ఉష్ణోగ్రతలో గంట, లేదా 4 డిగ్రీల దగ్గర రాత్రంతా మెల్లగా తిప్పడం. తర్వాత సెంట్రిఫ్యూజ్‌లో 10,000 జి దగ్గర పది నిమిషాలు తిప్పి, అడుగున ఏమైనా ముద్దకడితే వదిలేసి పైది తీసుకోవడం. స్లైడ్ మీద మాత్రం గంటకు మించి ఉంచను. ఒక మామూలు మానవ కణంలో దాదాపు 3 కోట్ల న్యూక్లియోసోములు (హిస్టోన్ల చుట్టూ డీఎన్‌ఏ చుట్టిన ఉండలు), ఒక్కోదాంట్లో రెండేసి హెచ్3. న్యూక్లియస్ చిన్న గది కాబట్టి అక్కడ హిస్టోన్ సాంద్రత విపరీతం. రాత్రంతా వదిలేస్తే పెప్టైడ్‌ను వదిలిన ప్రతి యాంటీబాడీనీ కణజాలం లాక్కుంటూ పోతుంది. పొద్దునకల్లా "పెప్టైడ్ సరిగా ఆపలేదు" అన్న తప్పుడు ఫలితం వస్తుంది.

గది ఉష్ణోగ్రత అన్న మాట పుస్తకంలో 22 నుంచి 25 డిగ్రీలు. మన దగ్గర మే నెలలో ఏసీ లేని గదిలో అది 38 కావచ్చు. కరెంటు పోతే ఇంకా పైకి. ఆ వేడికి స్లైడ్ అంచులు ఎండిపోతాయి, ఎండిన చోట రంగు అంచు కట్టినట్టు వస్తుంది. అంచుల్లో రంగు ఉండి నడుమ లేకపోతే దాన్ని పెప్టైడ్ ఖాతాలో వేయకండి. తడిగుడ్డ పరిచిన మూత డబ్బా, లోపల థర్మామీటర్ పెట్టుకుంటే చాలు. అన్ని స్లైడ్‌లూ ఒకే రోజు, ఒకే కుక్కర్‌లో యాంటిజెన్ రిట్రీవల్ (ఫార్మలిన్ మూసేసిన చోట్లను వేడితో తెరవడం), డీఏబీ అన్నింటికీ గడియారం చూసి ఒకే సెకన్ల దగ్గర ఆపడం. ముదురు రాలేదని ఒక స్లైడ్‌కు ఇంకో నిమిషం ఇస్తే మొత్తం లెక్క తప్పుతుంది.

సైటోప్లాజం రంగు గురించి ఎక్కువ చెప్పను. కె27 పెప్టైడ్ 5 మైక్రోగ్రాముల దగ్గర న్యూక్లియస్ తెల్లబడినా అది మిగిలిందంటే, ఆ రంగు మీ గుర్తు వల్ల కాదు. ప్రైమరీ లేని స్లైడ్, అదే సాంద్రతలో మామూలు కుందేలు ఐజీజీ (ఈ గుర్తు కోసం తయారుచేయని సాధారణ యాంటీబాడీ) వేసిన స్లైడ్ చేయండి. మొదటిదాంట్లోనే వస్తే డిటెక్షన్ వైపు లోపం, లేదా కణజాలంలో సొంతంగా ఉండే పెరాక్సిడేజ్ ఎంజైమును సరిగా ఆపలేదు. ఆ ఎంజైము నిండుగా ఉండే ఇయోసినోఫిల్స్‌కు పేగులో తక్కువేం లేదు. రెండింట్లోనూ రాకపోతే పాలీక్లోనల్‌లో వేరే యాంటీబాడీలు ఉన్నాయని అనుమానించాలి. కుందేలుకు ఇచ్చేటప్పుడు పెప్టైడ్‌ను కేఎల్‌హెచ్ అనే మోసే ప్రోటీన్‌కు అతికిస్తారు. ఆ అతుకుకూ, ఆ ప్రోటీన్‌కూ పుట్టిన యాంటీబాడీలను మీ ఉత్త పెప్టైడ్ ఆపలేదు.

ఇక కొనాల్సిన పెప్టైడ్‌లు. డబ్బుంటే కె27 మీద మిథైల్ లేనిది, డైమిథైల్, ట్రైమిథైల్, వాటితో పాటు కె9 ట్రైమిథైల్, కె4 ట్రైమిథైల్, హెచ్4 కె20 ట్రైమిథైల్. డబ్బు తక్కువైతే మిథైల్ లేని కె27, కె27 డైమిథైల్, కె4 ట్రైమిథైల్ ఈ మూడూ చాలు, కె27, కె9 ట్రైమిథైల్‌లు మీ దగ్గర ఉన్నాయి కదా. కె4 ఎందుకంటే, పేరున్న కె27 ట్రైమిథైల్ యాంటీబాడీలు కొన్ని పెప్టైడ్ అరేల (రకరకాల పెప్టైడ్‌లను వరసగా పెట్టిన పలకల) మీద కె4 ట్రైమిథైల్‌ను కూడా పట్టుకున్న దాఖలాలున్నాయి. కె27ది జీన్ పని ఆపిన చోట ఉండే గుర్తు, కె4ది జీన్ పనిచేసే చోట ఉండే గుర్తు. ఈ రెండూ కలిసిపోతే మీ థీసిస్ తలకిందులవుతుంది.

డైమిథైల్‌ను చాలామంది వదిలేస్తారు, నాకు దానిమీదే ఎక్కువ భయం. చిట్టెలుక పిండ మూల కణాల్లో కొలిచినప్పుడు హెచ్3లో సగానికి అటూ ఇటూగా కె27 డైమిథైల్ ఉంది, ట్రైమిథైల్ వాటా అందులో చిన్నది. అంటే యాంటీబాడీ డైమిథైల్‌ను కొంచెం పట్టుకున్నా సరే, అది రాశి పోసినట్టు ఉంది కాబట్టి స్లైడ్ మీద దాని రంగే ఎక్కువ కావచ్చు. పెప్టైడ్ పరీక్షలో "పది శాతమే" అనిపించిన తప్పు కణజాలంలో పది శాతంగా ఉండదు.

పెప్టైడ్ శుద్ధి 95 శాతం పైన అడగండి. ఇక్కడో తమాషా ఉంది. మూడు మిథైళ్లు కలిస్తే బరువు 42 పెరుగుతుంది, ఒక ఎసిటైల్ కలిసినా 42 పెరుగుతుంది. తేడా 0.036 మాత్రమే. కంపెనీ కాగితంలో బరువు సరిపోయింది కదా అని, లోపల ఉన్నది ట్రైమిథైలే అన్న నమ్మకం సాదాసీదా మాస్ యంత్రంతో రాదు. పొడిని తెరిచే ముందు గది వేడికి రానివ్వండి, లేకపోతే తేమ పట్టి బరువు తప్పుతుంది. కరిగించాక చిన్న చిన్న వంతులుగా మైనస్ 20లో పెట్టుకోండి.

స్లైడ్‌లకు ఖర్చు పెట్టే ముందు డాట్ బ్లాట్ చేసుకోండి. పెప్టైడ్‌లను 100, 20, 4 నానోగ్రాముల చుక్కలుగా మెంబ్రేన్ మీద పెట్టి యాంటీబాడీ వేస్తే, ఎవరు ఎవరో ఒక్క మధ్యాహ్నంలో కనిపిస్తుంది. చిన్న పెప్టైడ్‌లు నైట్రోసెల్యులోజ్ మీద నిలవక కడిగేటప్పుడు కొట్టుకుపోతుంటాయి. సన్న రంధ్రాల పీవీడీఎఫ్ కొంత మేలు.

పెప్టైడ్ పని అక్కడికి అయింది. అది ఫార్మలిన్ చూడని మెత్తటి ముక్క. మీ కణజాలం ఫార్మలిన్‌లో ఒక రోజో రెండు రోజులో నాని, పారాఫిన్‌లో మునిగి, కుక్కర్‌లో ఉడికి వచ్చినది. ఫార్మలిన్ మామూలు లైసిన్‌తో చర్య జరుపుతుంది, ట్రైమిథైల్ లైసిన్‌తో జరపలేదు, కానీ పక్కనున్న వాటిని మార్చేస్తుంది. కాబట్టి కణజాలం వైపు నుంచి కూడా సాక్ష్యం కావాలి. గుర్తు ఉండాల్సిన చోట ఉందా, ఉండకూడని చోట లేదా అని చూడాలి.

కె27 ట్రైమిథైల్‌కు మనకు ఉచితంగా దొరికే సాక్షులు ఉన్నారు. ఆడవాళ్ల కణాల్లో ఆగిపోయిన ఎక్స్ క్రోమోజోమ్ మీద ఈ గుర్తు దట్టంగా ఉంటుంది. మంచి యాంటీబాడీ అయితే ఆడవాళ్ల పేగు స్లైడ్‌లో కొన్ని న్యూక్లియస్‌ల అంచున చిన్న ముదురు చుక్క కనిపిస్తుంది, మగవాళ్ల స్లైడ్‌లో కనిపించదు. 4 మైక్రాన్ల కోతలో ప్రతి న్యూక్లియస్‌లో చుక్క దొరకదు, ఆయిల్ లెన్స్ పెట్టి ఓపికగా చూడాలి. మీ బ్లాకుల రిజిస్టర్‌లో ఆడా మగా రాసే ఉంటుంది కదా, ఈ రోజే చూడొచ్చు. సాధారణ శ్లేష్మపొర మీద చూడండి, క్యాన్సర్ కణాల్లో ఎక్స్ క్రోమోజోముల లెక్కే గందరగోళం.

రెండోది చిట్టెలుక కణజాలం. ఫ్లోరోసెన్స్‌లో డాపీ (డీఎన్‌ఏకు అంటుకుని మెరిసే రంగు) వేస్తే చిట్టెలుక న్యూక్లియస్‌లలో సెంట్రోమియర్ల పక్కన గట్టి ముద్దలు మెరుస్తాయి. అక్కడ ఉండేది కె9 ట్రైమిథైల్. మీ కె27 యాంటీబాడీ సరిగ్గా ఆ ముద్దల మీదే వెలిగిపోతే, పెప్టైడ్ లెక్కలన్నీ పక్కన పెట్టి కె9ను పట్టుకుంటోందని అనుమానించాలి. ఏ జువాలజీ విభాగంలోనైనా చిట్టెలుక కాలేయం బ్లాకు ఒకటి అడిగితే దొరుకుతుంది. నాకు ఇష్టమైన పరీక్ష ఇదే.

మూడోది కాస్త శ్రమ. కె27కు మిథైళ్లు తగిలించే ఈజెడ్‌హెచ్2 ఎంజైమును ఆపే మందు, టాజెమెటోస్టాట్ లాంటిది, కణాలకు వేసి అయిదారు రోజులు పెంచి, ఫార్మలిన్‌లో ఫిక్స్ చేసి పారాఫిన్ బ్లాకు చేయాలి. ఒక్క రోజులో ఏమీ కాదు, కణాలు విభజన చెందేకొద్దీ పాత గుర్తు పలచబడాలి. మందు వేసినవీ వేయనివీ పక్కపక్కన ఒకే స్లైడ్ మీద పెట్టి స్టెయిన్ చేస్తే రివ్యూయర్ నోరు మెదపడు. కణాలు పెంచే వసతి లేకపోతే పాథాలజీ వాళ్లను అడగండి. డిఫ్యూజ్ మిడ్‌లైన్ గ్లయోమాలో (మెదడు, వెన్నుపాములో వచ్చే ఒక కణితి) హెచ్3 27వ లైసిన్ స్థానంలో మిథియోనిన్ వచ్చిన కేసుల్లో కణితి న్యూక్లియస్‌లు ఈ గుర్తును పోగొట్టుకుంటాయి, అదే స్లైడ్‌లో రక్తనాళాల గోడ కణాలు మాత్రం నిలుపుకుంటాయి. ఒకే చట్రంలో ఉన్నదీ లేనిదీ రెండూ. ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకుని ఒక పాత బ్లాకు నుంచి రెండు కోతలు అడిగితే చాలు. హెచ్3 మొత్తాన్ని చూపే యాంటీబాడీ కూడా పక్క కోత మీద వేయండి, గుర్తే లేదా, యాంటీబాడీ లోపలికే పోలేదా అన్న సందేహం ఉండదు.

స్లైడ్‌లు చూసేటప్పుడు విభజనలో ఉన్న కణాలను లెక్కలోంచి తీసేయండి. అప్పుడు 27వ లైసిన్ పక్కనున్న 28వ సెరిన్ మీద ఫాస్ఫేట్ వచ్చి కూర్చుంటుంది. గుర్తు అక్కడే ఉన్నా యాంటీబాడీకి అందకపోవచ్చు. కె9కు 10వ సెరిన్‌తో ఇదే తంటా.

రివ్యూయర్‌కు ఇప్పటికి ఇలా రాయండి: "యాంటీబాడీ రంగును కె27 ట్రైమిథైల్ పెప్టైడ్ ఆపింది. కె9 ట్రైమిథైల్ పెప్టైడ్ మిల్లీలీటరుకు 5 మైక్రోగ్రాముల దగ్గర పాక్షికంగా ఆపింది. ఇది పెప్టైడ్ అధిక మోతాదు వల్లనా, పోలిక వల్లనా అన్నది తేల్చడానికి మోతాదుల వారీగా పరీక్ష చేస్తున్నాం." గడువు పొడిగింపు అడగండి, ఇంత నిజాయితీగా రాస్తే మామూలుగా ఇస్తారు. మీ గైడ్ కె9 స్లైడ్ వద్దంటే, ఈ లెక్క ఆయన ముందు పెట్టి చూడండి. పెప్టైడ్ గుంపు వల్లే అని తేలితే లాభం మీ యాంటీబాడీకే.

పెప్టైడ్ ఆర్డర్ పెట్టేటప్పుడు "బయోటిన్ లేనిది" అని రాతపూర్వకంగా అడగండి. కేటలాగుల్లో బయోటిన్ తగిలించిన హిస్టోన్ పెప్టైడ్‌లు చాలా ఉంటాయి. మీ డిటెక్షన్ బయోటిన్‌ను గట్టిగా పట్టుకునే స్ట్రెప్టావిడిన్‌తో అయితే, కణజాలానికి అంటుకున్న పెప్టైడే రంగు తెచ్చి కూర్చుంటుంది. హిస్టోన్ తోక ముక్కలకు ధనావేశం ఎక్కువ, డీఎన్‌ఏకూ శ్లేష్మానికీ ఊరికే అతుక్కుంటాయి, మీది పేగు కాబట్టి శ్లేష్మానికి కొదవ లేదు. యాంటీబాడీ లేకుండా ఉత్త పెప్టైడ్ వేసిన స్లైడ్ ఒకటి కలుపుకోండి. పొడి పెప్టైడ్ హైదరాబాద్ నుంచి బస్ కార్గోలో వచ్చినా ఏమీ కాదు, యాంటీబాడీ సీసాను మాత్రం ఎండల్లో ఐస్ ప్యాక్‌లతో, సోమవారం బయల్దేరేలా తెప్పించుకోండి. శనివారం వచ్చిన డబ్బా ఎవరి టేబుల్ మీద రెండు రోజులు కూర్చుంటుందో చెప్పలేం.